దర్జీ నోట్లో నువ్వుగింజ

ఆ వీధిలో ఏ సంగతైనా నలుగురికీ పాకాలంటే దర్జీ చెవిన వేస్తే చాలు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఒకాయన చొక్కా కొలతలిస్తూ, ఉద్యోగం మారబోతున్నానని నోరుజారాడు. ఆ చొక్కాకి గుండీలు పడేలోపే ఆయన పై అధికారికి కబురు చేరిపోయింది. అలాగని దర్జీ చెడ్డవాడు కాడు, మనసు వెన్న. సంతోషం పట్టలేక చెప్పేసేవాడు, అంతే.

అలాంటివాడి ఇంట్లో లెక్కల మనుషులు ఇద్దరున్నారు. భార్య పరిశోధనశాలలో పై అంతస్తున కూర్చుని కంప్యూటరు మీద లెక్కలు కడుతుంది. తమ్ముడు అదే భవనం కింది గదిలో లేజర్లు పెట్టుకుని, ఆ లెక్కల్లో చెప్పినదాన్ని నిజంగా కొలుస్తాడు. పరమాణువు మీద వెలుగు పడితే అందులోంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. పై పొరలోదీ లోపలి పొరలోదీ ఒక్కసారే వస్తాయా, ఒకటి వెనకబడుతుందా? వెనకబడితే ఎంత? ఆ 'ఎంత'ను అటోసెకన్లలో చెబుతారు. సెకనును వంద కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కను మళ్ళీ వంద కోట్ల ముక్కలు చేస్తే వచ్చే నలుసు అది.

"అంత ఆలస్యానికి ఎవరు తిడతార్రా?" అన్నాడు దర్జీ తమ్ముడితో. "నేను వారం లేటు చేసినా జనం ఊరుకుంటున్నారు కదా!"

వదినా మరుదులు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. త్వరలో పరిశోధనశాలలో జరగబోయే సభలో పలకమీద రాసేదాకా ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకూడదు. వింటే, తెలియకుండానే చెయ్యి అటు మొగ్గుతుంది. అప్పుడు రెండు అంకెలూ కలిసినా దానికి విలువుండదు. చాదస్తం కొద్దీ ఇద్దరూ ఇంట్లో పని మాటే ఎత్తడం మానేశారు.

కానీ కడుపులో మాట ఎక్కడో ఒకచోట కక్కాలి కదా. జాకెట్టు సరిచూసుకుంటూ భార్య అనేసింది: "లోపలిదే వెనకబడుతోందండీ. మీకెలాగూ అర్థం కాదు కాబట్టి చెబుతున్నా. ఒట్టు!" మూడోనాడు తమ్ముడు కుట్టుమిషను పక్కన చతికిలబడ్డాడు. "అన్నయ్యా, లోపలిదే ముందొచ్చేస్తోంది. వదినకి చెప్పావో, నామీదొట్టే!"

దర్జీకి లెక్కలు రావు గానీ ముందూ వెనకా తెలుసు. ఇద్దరిలో ఒకరికి నిండు సభలో తలవంపులు తప్పవు. ఆ తర్వాత మాటా మాటా పెరిగి ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగితే?

ఆ రోజునుంచి అతను పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని తిరిగాడు. సూదులున్నప్పుడు మాట్లాడకపోతే ఎవరూ తప్పుపట్టరు. భోజనాల దగ్గర మాత్రం తీయక తప్పేది కాదు. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంది భార్య. "పంటినొప్పి" అన్నాడు. పాపం తమ్ముడు అతన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాడు. డాక్టరు నోరంతా వెతికి, పళ్ళు రాళ్ళలా ఉన్నాయన్నాడు.

సభకి ముందురోజు భార్య కొత్త జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడింది. "ఇన్నేళ్ళుగా కడుతున్న లెక్కండీ. కొలిచి చూడటం ఇదే మొదటిసారి" అంది చిన్నపిల్లలా. 'ఇంకోసారి చూసుకోవే' అన్న మాట దర్జీ గొంతుదాకా వచ్చింది. కానీ తన మాట విని ఆమె అంకె మార్చుకుంటే, అది ఇక ఆమె లెక్క కాదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. కుట్టు సవరిస్తూ, "భుజం దగ్గర బాగా కుదిరింది" అన్నాడు. ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాడు అతను సభలో చివరి వరసలో కూర్చున్నాడు. రెండు అంకెలూ పలక మీదికెక్కాయి. ఒకటి తూర్పంటే ఒకటి పడమర అంది. భార్య అంకెల్ని కాసేపు తేరిపార చూసి, అడిగింది.

"ఏమయ్యా మరిదీ, కొలిచే వెలుగు ఎలక్ట్రాన్ని లాగుతుంది కదా, ఆ లాగుడు తీసేశావా?"

"అది మీరే లెక్కలో కలుపుతారనుకున్నా వదినా!"

"నువ్వే తీసేస్తావనుకున్నా! అడగొచ్చుగా?"

"కట్టుబాటు కదా అని..."

హాలు గొల్లుమంది. నవ్వు తగ్గాక ఆమె వివరించింది: "మా ఇంట్లో దర్జీ ఉన్నారు. నడుం చుట్టూ టేపు వేయగానే పెద్దమనుషులు పొట్ట లోపలికి లాగేస్తారట. ఇదీ అంతే. మా మరిది కొలిచింది లాక్కున్న పొట్ట, నేను లెక్కకట్టింది అసలు పొట్ట." ఆ లాగుడెంతో లెక్కలో కలిపి చూస్తే రెండు అంకెలూ దాదాపు ఒకటే అయ్యాయి.

బయటికొచ్చాక దర్జీ ఉగ్గబట్టుకున్నదంతా ఒక్క ఊపిరిలో వదిలాడు. "నాకు రెండూ ముందే తెలుసు!"

ఇద్దరూ కొయ్యబారిపోయారు. సభలో తేడా చూసినప్పుడు కూడా వాళ్ళు అంతగా బిత్తరపోలేదు. "మరి పంటినొప్పి?" అన్నాడు తమ్ముడు.

భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు ఒక్క మాట అనుంటే, ఇవాళ మా అంకెలు కలిసినా నమ్మడానికి నాకే మనసొప్పేది కాదు" అంది.

దర్జీ నోట్లో నువ్వుగింజ నానిందన్న కబురు సాయంత్రానికల్లా వీధంతా పాకింది. పాకించింది దర్జీయే.

వారం తిరక్కముందే భార్య వేరే పరమాణువు మీద లెక్క మొదలుపెట్టింది. "అంకె రాగానే ముందు మీకే చెబుతా" అంది. "నేనూ అన్నయ్యకే" అన్నాడు తమ్ముడు.

ఇంతకాలం ఎవరూ అతనికి గుట్టు అప్పజెప్పింది లేదు, పొరపాటున జారవిడిచారే తప్ప. దర్జీ గుండుసూదుల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.