చప్పుడు చెయ్యని సుత్తి బెరిష్

"పాప చప్పుడు చెయ్యడం లేదు, ఫ్రూమా! ఎందుకు చెయ్యడం లేదు?"

"నిద్రపోతోంది కాబట్టి," అంది భార్య.

"ఊపిరి పీలుస్తోందా?"

"మీరు లేపకుండా ఉంటే పీలుస్తుంది."

ఒడెస్సాలో రసాయనశాస్త్రం చదివి, న్యూయార్క్ లడ్లో వీధిలో కోట్లు కుట్టుకుంటున్న జుండెల్‌కి అప్పట్లో రెండే భయాలు. ఒకటి ఈ కూతురు. రెండోది సుత్తి బెరిష్.

వీధి వీధంతా కొప్పెల్ చెప్పుచేతల్లో ఉండేది. యూనియన్ పేరు చెప్పుకుని, ఎవరి షాపులో ఎవరు కుట్టాలో అతనే తేల్చేవాడు. కాదన్నవాళ్ళ సామాను పగలగొట్టడానికి బెరిష్‌ని పంపేవాడు. బెరిష్ గుమ్మంలో నేరుగా పట్టడు, పక్కకి తిరిగి రావాలి. పియానోని ఒంటిచేత్తో నాలుగో అంతస్తు ఎక్కించాడని చెప్పుకునేవారు. అంతటివాడికీ ఒక్కటే బలహీనత. పసిపిల్ల నిద్రపోతుంటే చప్పుడు చెయ్యలేడు.

మెట్ల కిందే బూట్లు విప్పి చేత పట్టుకునేవాడు. తలుపు గోటితో గీకేవాడు. "అమ్మా, కొప్పెల్ పంపాడు. మీ సామాను పగలగొట్టాలి. పిల్లలెవరైనా పడుకున్నారా?"

ఒకసారి టోపీల షాపు అద్దం పగలగొట్టాల్సి వచ్చింది. పై అంతస్తులో కవలలు నిద్రపోతున్నారు. బెరిష్ ఆ అద్దాన్ని చట్రంలోంచి మెల్లగా ఊడదీసి, పరుపులో చుట్టి, నది దాకా మోసుకెళ్ళి అక్కడ పగలగొట్టాడు. పరుపు దులిపి, తిరిగి తెచ్చిచ్చాడు.

పిల్లల్లేని గుండీల వ్యాపారి ఒకాయన, బెరిష్ వస్తున్నాడని తెలిసి, పక్కింటి పిల్లాణ్ణి అరువు తెచ్చుకున్నాడు. వాడు నిద్రపోకుండా ఒకటే ఏడుపు. బెరిష్ సుత్తి కింద పెట్టి, వాణ్ణి భుజాన వేసుకుని, జోకొట్టి పడుకోబెట్టి, "ఇప్పుడెలా పగలగొట్టేది?" అని చిరాకుపడుతూ వెళ్ళిపోయాడు.

చివరికి జుండెల్ వంతు వచ్చింది. గుండీలు కుట్టే ముసలి సీరెల్‌ని తీసేసి తన మనిషిని పెట్టుకోమన్నాడు కొప్పెల్. జుండెల్ వల్లకాదన్నాడు. ఉన్నది ఒక్కటే మిషను. అది పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

బెరిష్ బూట్లు చేత్తో పట్టుకుని లోపలికొచ్చేసరికి జుండెల్ కుడుతున్నాడు. కుట్టని కోట్ల కుప్ప మీద పాప నిద్రపోతోంది. బెరిష్‌ని చూడగానే జుండెల్ కాళ్ళు ఆగిపోయాయి. మిషను ఆగింది. పాప పెదవి వంకర తిరిగింది. ఆ వీధి పిల్లలందరికీ మిషను మోతే జోలపాట, అది ఆగితే లేస్తారు.

"తొక్కు తమ్ముడూ, తొక్కు!" అన్నాడు బెరిష్ గాభరాగా.

"కాళ్ళు ఆడటం లేదండీ!"

"అయితే లే అవతలికి!"

బెరిష్ ఆ బుల్లి కుర్చీలో ఇరుక్కుని, ఒళ్ళో సుత్తి పెట్టుకుని, మిషను తొక్కసాగాడు. పాప పెదవి సర్దుకుంది.

ఆలస్యమేమిటా అని కొప్పెల్ స్వయంగా వచ్చాడు. "ఒరేయ్! పగలగొట్టమంటే కుడుతున్నావేంట్రా?"

"ష్ష్!"

కొప్పెల్ తనకి తెలియకుండానే గొంతు తగ్గించాడు. "ఎముకలు విరిచేస్తా" అని గుసగుసలాడితే ప్రేమకబురు చెప్తున్నట్టుంది. అది అతనికే అర్థమై, పాప పక్కనున్న ఫ్రూమా వైపు తిరిగాడు.

"ఎప్పుడు లేస్తుందమ్మా?"

"ఇది లేచేసరికి పైవాళ్ళ బాబు పడుకుంటాడండీ. వాడు లేస్తే ఎదురింటి పిల్ల."

"అందరూ మెలకువగా ఉండేదెప్పుడు?"

"ఈ వీధిలోనా? ఉండరండీ."

కొప్పెల్ జుట్టు పీక్కున్నాడు, చప్పుడు లేకుండా. "పెద్ద పెద్ద అద్దాల షాపుల వీధి ఇస్తానన్నానురా నీకు! మచ్చుకి ఒక్క పిల్ల ఉండదక్కడ. ఈ వీధే కావాలని కాళ్ళావేళ్ళా పడింది నువ్వు కాదూ?"

బెరిష్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకాస్త జోరుగా తొక్కాడు.

"ఈ వీధి ఇంకొకడికి ఇస్తా!"

"ఇవ్వు. ముందు నన్ను కలవమను," అన్నాడు బెరిష్ గుసగుసగా. అతని గుసగుస మాత్రం బాగానే పనిచేసింది. కొప్పెల్ తలుపు నెమ్మదిగా చేరవేసుకుని దిగిపోయాడు.

జుండెల్ వెంటనే వంగి పాప ముక్కు దగ్గర వేలు పెట్టబోయాడు. బెరిష్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్ముడూ, భయం వేస్తే కాళ్ళకి పని చెప్పు. చేతులు మాత్రం పిల్ల జోలికి పోనీకు."

జుండెల్ అప్పట్నించీ అలాగే చేస్తున్నాడు. పాప తుమ్మితే ఒక జేబు కుట్టేస్తాడు, దగ్గితే ఒక కాలరు. పళ్ళొచ్చే నెలలో మాత్రం, పోగుపడిన కోట్లకి గుండీలు కుట్టడానికి ఇంకో మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది.