దొరసాని రెండో ఇంటిపేరు

ఆ రోజుల్లో రాజమండ్రిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు చాలామందే ఉండేవారు గానీ, అమెరికావాళ్ళకి అర్థమయ్యేలా మాట్లాడేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ట్యుటోరియల్ కాలేజీలో గ్రామరు చెప్పేవాణ్ణి. ఎప్పుడో మా తాతల కాలంలో మా ఊళ్ళో జాడ తెలియకుండా పోయిన ఒక అమెరికా ఆడమనిషిని, సంసారంతో సహా ఒంటిచేత్తో వెతికి తీసినవాణ్ణి కూడా నేనే. (ఇక్కడ మా ఆవిడ దగ్గుతోంది. దగ్గనివ్వండి.)

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, అమెరికా నుంచి ఒక ముసలి పంతులమ్మ కడియం గులాబీలు చేత పట్టుకుని మా కాలేజీ మెట్లెక్కింది. వాళ్ళ నాయనమ్మకి హానా అని ఒక అక్క ఉండేదట. గొప్పావిడేం కాదు, కుట్టుపని తెలిసిన మామూలు పల్లెటూరి పిల్ల. మిషను పంతుల్ని పెళ్ళాడి రాజమండ్రి వచ్చింది. ఏడాది తిరక్కుండా ఆయన జ్వరంతో పోయాడు. ఆ తరవాత కబురే లేదు. మొగుడి మీద బెంగతో పోయుంటుందని అక్కడివాళ్ళు సరిపెట్టుకున్నారు. "ఆవిడ సమాధి మీద పువ్వులు పెట్టాలి, సాయంత్రం మద్రాసు మెయిలుకి వెళ్ళిపోవాలి" అంది. "మధ్యాహ్నానికల్లా చూపిస్తాను" అన్నాను, అడ్రసు జేబులో ఉన్నవాడిలా.

పొద్దున్నంతా దొరల సమాధుల దొడ్డిలో వెతికాం. పంతులుగారి రాయి దొరికింది. ఆయన ఇంటిపేరుతో ఆడవాళ్ళెవరూ లేరు. భోజనానికి మా ఇంటికి తీసుకొస్తే, ఆవిడ ముద్దపప్పు కెలుకుతూ కూర్చుంది.

"ఏంట్రా, దొరసాని తినదే?" అంది మా మేనత్త. (చిన్నతనంలోనే మొగుడు పోయి, మా నాన్న పంచన నెరిసిపోయిన మనిషి.) సంగతి చెప్పాను.

"మొగుడు పోతే ఆ పిల్ల కూడా పోవాలా ఏంట్రా? మళ్ళీ పెళ్ళి చేసుకునుంటుంది. విధవలకి పెళ్ళిళ్ళు మొదలెట్టిందే ఈ ఊళ్ళో కదా. నాకు చెయ్యలేదు గానీ."

మా నాన్న మజ్జిగన్నంలోంచి తలెత్తలేదు. ఆవిడేమందని పంతులమ్మ అడిగింది. మళ్ళీ పెళ్ళిదాకా చెప్పాను. చివరి మాటకి నా గ్రామరు చాల్లేదు.

అత్త, కొత్తగా కాపరానికొచ్చిన మా ఆవిడ, పంతులమ్మ, నేను రెండు రిక్షాల్లో మళ్ళీ వెళ్ళాం. "ఇంటిపేరు వదిలెయ్యవే, పేరు చూడు" అంది అత్త మా ఆవిడతో. తీగలు లాగుతుంటే బయటపడింది: హానా, కాలవల ఓవర్సీరు భార్య, ఐదుగురు పిల్లల తల్లి. కింద పుట్టిన ఊరు, పంతులమ్మ వాళ్ళ ఊరే. దాని కింద పిల్లల పేర్లు. (తీగలు లాగింది నేను కాదు లెండి. పాములుంటాయేమోనని రిక్షా దిగలేదు. ఒంటిచెయ్యి అన్నానే, అది రిక్షా టాపు పట్టుకున్న చెయ్యి.)

"ఐదుగురా! బాగానే బతికిందమ్మా" అని అత్త ఆ రాయిని, బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరిందట. పంతులమ్మ ఏడుస్తూ నవ్వుతూ గులాబీలన్నీ అక్కడ పెట్టి, ఒకటి మాత్రం తీసి మా అత్త జుట్టు ముడిలో తురిమింది. ఆవిడకి మన పద్ధతులేం తెలుసు? అత్త చెయ్యెత్తి తడుముకుంది గానీ తియ్యలేదు. అలాగే గేటు దాటొచ్చి రిక్షా ఎక్కింది, తెల్లచీరా ఎర్ర గులాబీతో.

అమెరికా వంశాన్ని కలిపానని ఊరంతా చెప్పుకుని తిరిగిన ఆ కుర్ర మేష్టారిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ గులాబీ మాత్రం ఇల్లు చేరేలోపే దారిలో ఎక్కడో జారిపోయింది.

ఇక్కడిదాకా చదివి మా ఆవిడ కళ్ళజోడు తీసింది.

"జారిపోలేదండీ. సందు మొదట్లో, మావయ్యగారు చూస్తారని, మీరే తీసెయ్యమన్నారు."