నీలం గీత ఉన్న పిల్లలు

గోదావరి అనే ఆమె పళ్ళ గుంతలు నింపే సిమెంటు కలపడం నేను ఒక్కసారే చూశాను, అదీ ఉత్త చేతులతో. ఎడమ అరచేతిని చాచి, ఇదే కాగితం అనుకోమంది. కుడి చూపుడువేలితో లేని పొడిని రెండు పాళ్ళు చేసింది. లేని సీసాను నిలువునా తలకిందులు చేసి ఒక్క చుక్క వదిలింది.

"సీసా వంచి పట్టుకుంటే చుక్కలోపట బుడగ వస్తది, కొలత తప్పుతది. సగం పొడి ముందుగాల, తక్కిన సగం ఎన్క. నూరొద్దు, మడత పెట్టాలె. ముప్పై లెక్కవెట్టేలోపు అయిపోవాలె. మీద మెరుపు ఉన్నప్పుడే పంటికి అంటుకుంటది. మెరుపు పోయిందంటే ఇగ గోడకు గూడ పనికి రాదు."

చాచిన అరచేతిని కాసేపు చూసుకుని, చీర కొంగుకు తుడుచుకుంది.

బోధన్ పక్కన ఒక పల్లె ఆమెది. యాభై ఆరేళ్ళు ఉంటాయి. భర్త నర్సింలు చెరకు లారీలకు లోడు ఎత్తే పని చేస్తాడు. ఆమె బడిలో మధ్యాహ్నం వంట చేసేది. ఒకరోజు ఆ బడికి ఒక ధర్మసంస్థ వాళ్ళు పిల్లల పళ్ళు చూడటానికి వ్యానులో వచ్చారు. డాక్టరు కిషోర్‌బాబు, కాలువ కింద భూములు కొని స్థిరపడ్డ ఆంధ్ర రైతుల అబ్బాయి. ఆ రోజు ఏమైందో గోదావరి నవ్వుతూ చెప్పింది. ఆ ఒక్కచోటే నవ్వింది.

"ఒక పోరడు డాక్టర్ సార్ వేలు కొరికి ఇడుస్తలేడు. నేను గంటె పట్టుకోని ఉరికిన. 'ఇడువురా, గది కోడిగుడ్డు గాదు' అన్న. ఇడిసిండు."

"గోదావరమ్మా, రేపటినుంచి మాతో వచ్చేయండి. నా వేళ్ళు నాకు కావాలండి" అన్నాడట డాక్టరు.

అలా పదకొండేళ్ళు తిరిగింది. ఆ పద్ధతిలో మిషను లేదు, కరెంటు లేదు, సూది లేదు. రెండు బెంచీలు దగ్గరికి జరిపి పిల్లను పడుకోబెడతారు. డాక్టరు చిన్న చెంచాలాంటి పనిముట్టుతో పుచ్చిన మెత్తని భాగాన్ని గోకి తీస్తాడు. గోదావరి సిమెంటు కలుపుతుంది. ఆయన దాన్ని గుంతలో నింపి, వేలికి వాజిలిన్ రాసుకుని గట్టిగా అదుముతాడు. గంటసేపు ఏమీ తినకూడదు. అంతే. పట్నంలో వేసే ఖరీదైన మందులతో పోలిస్తే ఇది చాలా చవక. పైగా పంటికి బలమిచ్చేదేదో దానిలోంచి కొద్దికొద్దిగా ఊరుతుందట.

చెరకు సీమలో ఈ పనికి కొదవ లేదు. కోతల కాలంలో పిల్లలు బండ్ల వెంట పరుగెత్తి గెడలు లాక్కుంటారు. పొద్దస్తమానం నములుతూనే ఉంటారు. చెరకు నమిలితే పళ్ళు గట్టిపడతాయని పెద్దలూ ఏమీ అనరు. గోదావరిని ఆ పిల్లలు సిమెంటవ్వ అని పిలిచేవారు.

ఈ పళ్ళ క్యాంపు నడిచే తీరు గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. బడి వరండాలో డాక్టరు ముందు టార్చిలైటు వేసి నోళ్ళు చూసేవాడు, పిల్లలను ఏవో అడిగేవాడు. ఆ తర్వాత కొందరి మణికట్టు మీద నీలం స్కెచ్‌పెన్నుతో గీత పెట్టేవాడు. వాళ్ళు లోపలి గదికి వస్తారు. కొందరికి ఎర్ర గీత. వాళ్ళ చేతికి నిజామాబాద్ పెద్ద దవాఖానకు వెళ్ళమని చీటీ ఇచ్చి ఇంటికి పంపేవారు. గోదావరి పని లోపలి గదిలో. సామాన్లు మరగబెట్టుకోవడం, కాగితం పరుచుకోవడం, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడం. పదకొండేళ్ళలో ఆమె ముందు పడుకున్నవాళ్ళంతా నీలం గీత పిల్లలే.

మూడేళ్ళ కింద సంస్థ ఆ వ్యానును ఆపేసింది. కిషోర్‌బాబు నిజామాబాద్‌లో సొంత క్లినిక్ పెట్టుకున్నాడు. మిగిలిన సీసాలు పారేయమని గోదావరికే చెప్పి పోయాడు. ఆమెకు చేతులు రాలేదు. పొడి సీసా, ద్రవం సీసా, కాగితాల అట్ట, ఒక చెంచా పనిముట్టు బీరువాలో పెట్టుకుంది.

పోయిన మాఘంలో మనవరాలు అఖిల వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. గోదావరి కూతురు రజితను జక్రాన్‌పల్లి దిక్కు పసుపు రైతుల ఇంటికి ఇచ్చారు. పసుపు ఉడకబెట్టే రోజులు. పొయ్యిల కాడ పిల్ల ఉండొద్దని రజిత తన తల్లి దగ్గర దింపి పోయింది.

"పన్ను నొస్తుందని రెండు వారాలు రాత్రిపూట ఒక్కటే ఏడుపు అవ్వా" అంది రజిత, బస్సు ఎక్కబోతూ. "లవంగం పెట్టిన. ఇప్పుడు తక్కువైంది. పాలపన్నే గద, ఊడిపోతది తియ్."

గోదావరి పిల్ల నోరు తెరిపించి చూసింది. కింది వరసలో చివరి పన్ను. నడిమిట్ల నల్లటి గుంత.

"గిది పాలపన్ను గాదే! ఆరేండ్లకు ఎన్క నుంచి వొచ్చే పన్ను. ఏ పన్ను ఊడకుంటనే వస్తది గనక అందరు పాలపన్ను అనుకుంటరు. గిది పోతే మల్ల రాదు."

"అయితే నిజామాబాద్ పోవాల్నా? ఇప్పుడు నాకు యాడ తీరుతది? పసుపు అయిపోనీ."

"ఎందుకే నిజామాబాద్? నేను లేనా?"

రజిత ఎగతాళిగా చూసింది. "పెద్ద డాక్టరమ్మ బయలెల్లింది" అని నవ్వి బస్సెక్కింది.

డాక్టరుకు ఎందుకు ఫోన్ చేయలేదని నేనడిగాను. గోదావరి దాచలేదు.

"చేస్తే తీస్కరమ్మంటడు. గన్ని ఏండ్లు నేనే గద కలిపింది, గోకుడు ఎంతసేపు అనుకున్న. ఒక్క పన్ను నా చేతులతోని బతికితే సూడాలనిపించింది."

మర్నాడు పొద్దున వాకిట్లో మంచం వేసి, పిల్ల తల తన ఒడిలో పెట్టుకుంది. పనిముట్టు మరగబెట్టింది. వెలుతురు బాగా ఉంది. గుంతలోని మెత్తదనమంతా చెంచాతో తీస్తుంటే అఖిల కదల్లేదు.

"నొస్తుందా బిడ్డా?"

పిల్ల లేదని చెయ్యి ఊపింది. ఇంకొంచెం లోతుకు పోయింది. "ఇప్పుడు?" మళ్ళీ లేదు.

"నా చెయ్యి మెత్తగుంది అనుకున్న" అంది గోదావరి నాతో. "సార్ గోకితే గూడ పిల్లలు ఒక్కసారన్న ఉలిక్కిపడ్తరు. గిది నవ్వుకుంట పండింది. నా అంత మొనగత్తె లేదనుకున్న."

ద్రవం కొంచెం చిక్కబడింది గానీ మెరుపు వచ్చింది. నింపి, వాజిలిన్ వేలితో అదిమింది. సిమెంటు గట్టిగా పట్టుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చూశారు. పక్కింటి చంద్రవ్వ, "మా పోరనికి గూడ పెట్టు సిమెంటవ్వా" అంది.

ఆరో రోజున అఖిల చెంప బరువెక్కింది. మర్నాటికి దవడ కింద మెడ దాకా వాపు, ఒళ్ళు కాలే జ్వరం. సిమెంటు ఊడదీద్దామని గోదావరి చెంచా తీసుకుంటే పిల్ల దవడ తెరుచుకోలేదు. నర్సింలు, గోదావరి ఆటో కట్టించుకుని నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. నాలుగు రోజులు సెలైన్లు, సూదులు. వాపు కొంచెం దిగాక పన్ను పీకేశారు.

"పిప్పి మీద మూత ఎవరు పెట్టారు?" అని అక్కడి డాక్టరమ్మ అడిగింది. అఖిల వేలు ఎత్తి అమ్మమ్మను చూపించింది.

తర్వాత గోదావరి కిషోర్‌బాబుకు ఫోన్ చేసింది. ఆయన అంతా విని అడిగాడట: "రాత్రిపూట దానంతటదే నొప్పి వచ్చేదా అని అడిగారా?"

"రెండు వారాలు వచ్చిందట సార్. తర్వాత తక్కువైందట."

"తగ్గడం కాదండి. నరం చచ్చిపోయింది. అందుకే గోకినా తెలీలేదు. అలాంటి పంటికి మూత వేస్తే లోపలి చీము ఎటు పోతుంది? నేను వరండాలో ప్రతి పిల్లనీ అడిగేది అదేగా."

"నేను ఎన్నడు ఇనలేదు సార్."

"మీరు ఎప్పుడూ లోపలే ఉన్నారు. మీకు చెప్పాలని నాకు తట్టలేదండి" అన్నాడట.

ఈ మాట చెప్పేటప్పుడు గోదావరి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది. రాత్రిళ్ళు ఏడ్చిన పిల్లలను వరండాలోనే ఎర్ర గీత పెట్టి పంపేశారు కనుక, అలాంటి పిల్ల ఒక్కతి కూడా ఆమె ముందుకు రాలేదు. తాము పెట్టిన సిమెంటు పిల్లలందరికీ మేలే చేసిందని ఆమెకు తెలుసు. కానీ ఎవరికి పెట్టకూడదో తెలియదు. తనకు తెలియనిది ఒకటుందని కూడా తెలియదు.

బీరువాలోని సీసాలను నర్సింలు పెంట మీద పడేసి వచ్చాడు. చంద్రవ్వ కొడుకు పన్ను కూడా పుచ్చింది. చంద్రవ్వ ఇప్పుడు గోదావరిని అడగదు. నిజామాబాద్ కూడా పోదు. వాడు రాత్రిపూట ఏడిస్తే గోడ ఇవతలికి వినిపిస్తుందట.

పోయిన నెల గోదావరి జక్రాన్‌పల్లి పోయింది. అఖిల వాకిట్లో అరటిపండు తింటూ ఒక పక్కనే నములుతోంది. నోరు తెరిచినప్పుడు రెండో దిక్కు ఆరేళ్ళ పంటి మీద నల్లటి చుక్క కనిపించింది. చిన్నది, ఆవగింజంత. ఇంకా లోతుకు పోలేదు.

"రజితా, గీ పన్ను ఇప్పుడైతే నిలవడ్తది. కిషోర్‌బాబు సార్ తాన్కి తీస్కపోదాం. నేను తోడొస్త. నేను ముట్టను, బయటనే కూసుంట."

రజిత చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.

"ఇంకో పన్ను గూడ తీపిస్తవా అవ్వా? దాని జోలికి రాకు."

గోదావరి అల్లుడికి చెప్పి చూసింది. మిరపచేను పని అయ్యాక చూద్దామన్నాడు. పిల్లనైనా మంచి చేసుకుందామని దగ్గరికి పిలిచింది. అఖిల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, తల్లి వీపు చాటుకు పోయింది. సాయంత్రం బస్సు దాకా అక్కడినుంచి రాలేదు.