రేవుగూడెం కాని కార్డు

పార్శిలు టేపు కోసి కవరు తెరవగానే సిరా వాసన గుప్పుమంది. జిరాక్సు షాపులో అప్పుడే చేతికిచ్చిన కాగితం వాసన. ఫోన్‌ వేలంలో అమ్మినవాడు పెట్టిన వివరం మాత్రం స్వాతంత్ర్యానికి ముందటి ఫొటోకార్డు అని. మా అవ్వ వయసున్న కార్డుకు నిన్నటి సిరా వాసన ఎట్లా వస్తుందయ్యా అని ఫోన్లో మెసేజి పెట్టాను. “మేడమ్, హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్. నచ్చకపోతే రిటర్న్ చేసేయండి, డబ్బులు వాపస్ ఇస్తాం” అని క్షణంలో జవాబు. వాడికి సిగ్గూ లేదు, కోపమూ లేదు. నాకూ కోపం రాలేదు, విసుగొచ్చింది. అబద్ధాలవాళ్లతో పోట్లాడే ఓపిక ఎప్పుడో అడుగంటింది. అయినా కార్డును మరోసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ అలవాటు ఖాదర్ సాబ్‌ది. ఆయన పోయి చాలాకాలమైంది, అలవాటు మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

ఎనభైల మొదట్లో నేను రామన్నపేట నుంచి వచ్చి నందికొండ ప్రాజెక్టు ఆఫీసులో ట్రేసరు ఉద్యోగంలో చేరాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన నక్షా మీద వెనకది కనపడే పలుచటి ట్రేసింగ్ కాగితం పరిచి, వెంట్రుకవాసి తేడా రాకుండా సిరాతో దించడం మా పని. మా సెక్షన్‌కు పెద్ద ఖాదర్ సాబ్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం అలిసిపోయినట్టే కనిపించేవాడు. నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆయన టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఒక బొమ్మకార్డును కళ్లు మూసుకుని వాసన చూస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన కళ్లు తెరిచి, “నవ్వు బిడ్డా, నవ్వు. ముందుగాల గిది జర వాసన చూసి చెప్పి నవ్వు” అని కార్డు నా చేతికిచ్చాడు. “చాయ్ వాసనొస్తుంది సార్” అన్నాను. “గదే! పాతదాని లెక్క కనపడాల్నని చాయ్ నీళ్లల్ల ముంచిండు బద్మాష్. చక్కెర గూడ ఏసిండేమో, చీమలు పడుతున్నయ్” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

అప్పట్లో ఫోన్లలో వేలాలు ఎక్కడివి? అంతా టపాలోనే. బొమ్మకార్డులు అమ్మేవాళ్లు ఏవో దూరపు పట్నాల నుంచి సైక్లోస్టైల్ చేసిన జాబితాలు పంపేవారు. కావలసిన దానికి మన పాట ఎంతో రాసి పంపితే, ఎక్కువ పాడినవాళ్లకు కార్డు వీపీపీలో వచ్చేది. పోస్టుమన్‌కు డబ్బు కడితేనే పార్శిలు చేతికొచ్చేది, తెరిచి చూడటం ఆ తర్వాత సంగతి. మోసమంతా ఆ రెండు నిమిషాల తేడాలోనే ఉండేది. అసలు కార్డును ఫొటో తీసి ఆ ఫొటోనే కార్డు అని పంపేవాడొకడు, చిరిగిన మూలకు వేరే ముక్క అతికించేవాడొకడు. ఖాదర్ సాబ్ అలాంటివి రిజిస్టరు పోస్టులో తిప్పి పంపేవాడు. డబ్బు వస్తే వచ్చినట్టు, లేకపోతే ఆయన ఇంటికి ఆ నెల మాంసం రానట్టు.

చివరికి ఆయన ఒక ఉపాయం పట్టాడు. అది మా సెక్షన్ మనుషులకు తప్ప ఇంకెవరికీ తోచదు. పాట రాసే ముందే, తన డబ్బుతో కొన్న ట్రేసింగ్ కాగితం కార్డు సైజుకు కత్తిరించి అమ్మేవాడికి పంపేవాడు. దీన్ని కార్డు మీద పరిచి అంచులు, మరకలు, మడతలు, అచ్చు అక్షరాలు పెన్సిలుతో దించి పంపండి, అది చూశాకే నా పాట అని షరతు. కార్డు వచ్చాక ఆ కాగితం దాని మీద పరిచి సరిచూసేవాళ్లం. మూల ఒంపు కలవాలి, మరక మీద మరక కూర్చోవాలి. నా చెయ్యి వణకదని ఆ పని నాకిచ్చేవాడు. చాలామంది జవాబే రాయలేదు. ఒకడు మాత్రం, మేం వ్యాపారస్తులం, డ్రాయింగు మాస్టర్లం కాదు అని మండిపడుతూ రాశాడు. సాబ్ ఆ ఉత్తరం చదివి, “గీనకు కోపమొచ్చిందంటే, మనం సరైన జాగల్నే గోకినం బిడ్డా” అన్నాడు.

ఇంత అవస్థ ఎందుకని ఒకరోజు అడిగేశాను. ఆయన నన్ను క్వార్టరుకు తీసుకుపోయి వాళ్ల అమ్మను చూపించాడు. ఆమెను కాలనీలో అందరూ బీబవ్వ అనేవారు. పల్లెలో పెరిగిన మనుషులు కాబట్టి తల్లీకొడుకులు ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునేవారు. వాళ్లది కృష్ణ ఒడ్డున రేవుగూడెం. డ్యాము కట్టాక నీళ్లకింద పోయింది. ఏ నీళ్లకింద తన ఊరు పోయిందో ఆ నీళ్ల ఆఫీసులోనే కొడుకు ఉద్యోగం. బీబవ్వ దాన్ని తప్పుపట్టలేదు. ఆమె గోసంతా వేరే.

“నా పెద్దపిల్ల ఆడనే ఉన్నది బిడ్డా,” అంది నా చెయ్యి పట్టుకుని. “నడక గూడ రాకముందే పాయె. దర్గ ఎనక యాపచెట్టు కింద పెట్టినం. సామాన్లు బండికెత్తుకున్నం, మేకలను తోలుకొచ్చుకున్నం. పిల్లను ఎట్ల తెచ్చుకుందు? ఇప్పుడు కండ్లు మూస్తే గా చెట్టు గూడ సక్కగ యాదికొస్తలేదు. ఒక్కపారి చూస్తె చాలు.” ఆమె కళ్లకు అప్పటికే మోతిబిందు పొర కమ్ముతోంది. డ్యాము రాకముందు ఆ లోయలో పాత శిథిలాల తవ్వకాలు జరిగాయి. అప్పుడు ఎవరో ఫొటోగ్రాఫరు ఒడ్డు ఊళ్లన్నీ తిరిగి ఫొటోలు తీసి కార్డులు అచ్చు వేశాడట. రేవుగూడెం కార్డు కూడా ఉండేదని సాబ్‌కు తెలుసు, చిన్నప్పుడు పట్వారీ ఇంట్లో చూశాడు. తల్లి చూపు పూర్తిగా పోయేలోపు ఆ కార్డు దొరకాలి. చాయ్ నీళ్లల్లో ముంచిన దొంగ కార్డులన్నీ ఆయన వాసన చూసింది అందుకే.

కొన్నేళ్లకు ఒక జాబితాలో ఆ పేరు వచ్చింది. రేవుగూడెం, కృష్ణ ఒడ్డు, దర్గా. సాబ్ ఆ వరుస కింద పెన్సిలుతో రెండు గీతలు కొట్టాడు. ట్రేసింగ్ కాగితం పంపాం. అమ్మేవాడు మారుమాట లేకుండా గీసి పంపాడు, అంచులు, ఎడమ మూల మడత, కింద పేరు అక్షరాలు అన్నీ. సాబ్ తాహతుకు మించి పాడాడు. కార్డు ఆఫీసుకే వచ్చింది. వాసన చూశాడు, పాత కాగితం వాసనే. నేను ట్రేసింగ్ పరిచాను. మూల మీద మూల, మడత మీద మడత కూర్చున్నాయి. “సార్, కలిసింది! మొత్తం కలిసింది!” అని అరిచాను. పక్క బల్లలవాళ్లు కూడా లేచి వచ్చారు.

సాబ్ మాత్రం ట్రేసింగ్ తీసేసి కార్డును చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “మా ఊరి గుట్టకు నడుమ సొట్ట ఉంటది బిడ్డా. ఒంటె ఈపు లెక్క. గీ గుట్ట సాపుగ ఉన్నది.” భూతద్దం పెట్టి చూస్తే కింద పాత పేరు గీకేసి దాని మీద రేవుగూడెం అని కొత్తగా అచ్చు కొట్టిన సంగతి తెలిసింది. దొంగ అక్షరాలను కూడా వాడు నిజాయితీగానే దించి పంపాడు! మేం అంచులు అడిగాం, మరకలు అడిగాం. నక్షాలు దించే మనుషులం కదా, కాగితం సరిపోతే చాలనుకున్నాం. గుట్ట గీత ఒక్కటి దించి పంపమని అడిగి ఉంటే, సాబ్ చూసిన మరుక్షణం చెప్పేసేవాడు. “గీతలన్ని కలిసినయ్. ఊరే కలువలే,” అని కార్డును కవర్లో పెట్టాడు.

“సార్, అవ్వకు ఎట్లాగూ సరిగ్గ కనపడదు. మన ఊరేనని చెప్పుండ్రి. సంబురపడ్తది,” అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు, అలసట ఉంది. “గట్ల చెప్తె, గా అమ్మినోనికి నాకు ఫరకేంది బిడ్డా?” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముసలితల్లి దగ్గర ఈ హరిశ్చంద్రుడి వేషాలు ఎందుకని లోపల తిట్టుకుంటూనే ఆయన వెంట క్వార్టరుకు నడిచాను. నేనైతే చెప్పేసి ఉండేదాన్ని.

ఏదో కార్డు వచ్చిందని బీబవ్వకు ముందే ఎవరో చేరవేశారు. వాకిట్లో వెలుతురుకు కూర్చుని ఉంది. కొడుకు చేతిలోంచి కార్డు గుంజుకుని, కంటికి ఆనించుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి వెతకడం మొదలుపెట్టింది. “దర్గ గిదేనా? మరి యాపచెట్టేదిర? ఏడున్నదిర చెట్టు?” అని గొంతు పెంచింది. నేను సాబ్ మొహం చూడలేకపోయాను. “అమ్మీ, గిది మన ఊరు కాదు. మోసపోయిన,” అన్నాడు ఆయన.

ఆమె కార్డు ఒళ్లో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. పెద్దగా ఊపిరి తీసుకుని, “కాదా? నా కండ్లే పోయినయేమో, నా పిల్ల చెట్టును నేనే గుర్తు పడ్తలేనేమోనని భయపడితిర,” అంది. నేను చెప్పమన్న అబద్ధం గనక ఆయన చెప్పి ఉంటే, ఆ తల్లి తన కళ్లనూ తన మనసునూ తిట్టుకుంటూ బతికేది. ఆమే మళ్లీ అడిగింది. “మరి గిది ఎవల ఊరుర?” తెలియదన్నాడు సాబ్. రేపే తిప్పి పంపిస్తానన్నాడు. “వద్దు, పంపకు. పంపితె గా దొంగ సచ్చినోడు ఇంకో ముసలిదానికి అమ్ముతడు. గా ముసల్ది గూడ నా లెక్కనే చెట్టు దేవులాడుకుంటది. గీడనే ఆగిపోనియ్,” అంది. సాబ్ చెవి మీది పెన్సిలు తీసి కార్డు వెనక రాశాడు. మా ఊరు కాదు.

ఆ రోజు నుంచి ఆయన ఏ దొంగ కార్డునూ తిప్పి పంపలేదు. ఇంట్లోవాళ్లు గొణిగినా ఒక రేకుపెట్టెలో పడేసేవాడు. బీబవ్వ ఊరు చూడకుండానే పోయింది. సాబ్ రిటైరై కూతురి దగ్గరికి కొత్తకోట వెళ్లిపోతూ ఆ పెట్టె నాకిచ్చాడు. “ఇక నాతోని కాదు బిడ్డా. దొరికితె మంచిదే, దొరకకున్న ఫికర్ చెయ్యకు” అన్నాడు. తొంభైల చివర్లో చూడబోతే మంచంలో ఉన్నాడు. నేనిచ్చిన మందుల కాగితాన్ని ముందు ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వాడు. అదే ఆఖరుసారి చూడటం.

పెట్టెలో ఉన్న ఆ కార్డును ఈమధ్య ఒకాయన కొంటానన్నాడు. మునిగిపోయిన ఊరి బొమ్మకు గిరాకీ ఉందట, వెనక ఉన్న పెన్సిలు రాత రబ్బరుతో తుడిచేస్తే చాలట. ఫోను పెట్టేశాను. ఇవాళ వచ్చిన ఈ సిరా వాసన కార్డు మీద కూడా రేవుగూడెం అనే ఉంది. అడిగినవాళ్లెవరూ మిగల్లేదు, నేను మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. గుట్ట చూశాను. సాపుగా ఉంది. రిటర్న్ ఎప్పుడు పంపుతారు మేడమ్ అని వాడు మళ్లీ మెసేజి పెట్టాడు. పంపను అని రాసి, పెన్సిలు చెక్కుకుని కార్డు వెనక్కి తిప్పాను. నేను పుట్టింది రామన్నపేటలో, రేవుగూడెం ఎన్నడూ చూసిన ఊరు కాదు. అయినా సాబ్ రాసినట్టే రాశాను. మా ఊరు కాదు.