జాతకాల ఫోల్డర్‌కి తాళం

ప్రత్తిపాడులో పౌరోహిత్యం చేసే మా నాన్న, తను రాసిన జాతకాలన్నీ ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. వచ్చినవాళ్లంతా దాని ముందు కూర్చుంటున్నారని పోయిన నెల నేనే ఆ ఫోల్డర్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టాను. పాస్‌వర్డ్ మాత్రం తనకు చెప్పొద్దన్నారు నాన్న. మతిమరుపుకి భయపడుతున్నారేమో అనుకున్నాను.

ఈ రోజు గుంటూరు నుంచి నేను వెళ్లేసరికి ఎవరో పెళ్లికొడుకు మేనమామ వచ్చి కూర్చున్నాడు.

"పంతులుగారూ, మావాడికి చూసిన ఆ అమ్మాయి అసలు పుట్టిన టైము మీ దగ్గరుంటదిగా? కాస్త చూసి చెప్పండి."

"కంప్యూటర్‌లో ఉందండీ. పాస్‌వర్డ్ మా అమ్మాయికే తెలుసు," అంటూ నాన్న నా వైపు చూశారు.

ఆ చూపు చూసి, "మర్చిపోయానండీ," అనేశాను. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత తెరిచి చూశాను. ఆ అమ్మాయి పేరు పక్కన రెండు టైములున్నాయి. ఒకటి అసలు పుట్టిన టైము, ఇంకొకటి పెళ్లివారికి చెప్పింది. అసలు టైముకి మూలా నక్షత్రం. మూలలో పుట్టిన పిల్ల కోడలైతే మామగారికి గండమని మనవాళ్ల భయం కదా. ఇంకా కిందికి వెళ్తే నా పేరు కనిపించింది. నా పక్కనా రెండు టైములే. నాదీ మూలే.

నాకు ఈ నమ్మకాలు లేవు. కానీ మా మామగారు మా పెళ్లయిన ఏడాదికే పోయారు.

నాన్నని ఏమీ అడగలేక ఫోల్డర్ మూసేసి వచ్చేశాను. మావారికీ అత్తగారికీ కనబడకుండా సెట్టింగ్ మార్చి ఈ పోస్టు పెడుతున్నాను. ఇక నాన్నని తప్పుపట్టే మొహం నాకుందంటారా?