రేసు సైకిలుకి పొట్టి మెడ

విజయవాడలో మా వీధి మలుపున ఒక సైకిలు షాపు ఉంది. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు అక్కడ కిరసనాయిలూ గ్రీజూ కలిసిన వాసన తగిలితే చాలు, గడ్డం కింద ఉన్న పాత మచ్చ మీదికి నా చెయ్యి దానంతటదే పోతుంది. డెబ్బైల నాటి మచ్చ అది. పామర్రుకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊరి కాలవగట్టు మీద, పన్నెండేళ్ళ వయసులో తగిలించుకున్నాను.

మాది నేతపని ఇల్లు. పొద్దున్నే గంజి వాసన, ఆ వెనకే వసారాలో నాన్న మగ్గం చప్పుడు, ఎండలో ఆరేసిన ఎర్ర నూలు, రాట్నం ముందు కూర్చుని కండెలకి దారం చుట్టే అమ్మ. వేసవిలో లేత తాటిముంజలు, చాపల మీద పొరలు పొరలుగా పోసి ఎండబెట్టే మామిడి తాండ్ర, గోడనీడ ఎటు జరిగితే అటు జరిగే మా తొక్కుడుబిళ్ళ ఆట, అట్లతద్ది నాడు తెల్లారకుండానే గోంగూర పచ్చడితో పెరుగన్నం తిని ఉయ్యాల దగ్గరికి పరుగులు. వీటన్నిటి మీదా అరుగు మీంచి పెదనాన్న చుట్టపొగ కమ్ముకుని ఉండేది. ఇంట్లో ఆయన మాటే చెల్లేది. అమ్మ ఏనాడూ ఆయన ఎదుట నిలబడలేదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచే చెప్పేది.

నాతో పామర్రు హైస్కూలుకి నడిచొచ్చే ఇద్దరు పిల్లల్లో, నా ఏడో తరగతి అయ్యేసరికి ఒకతెకి పెళ్ళి చేశారు, ఇంకొకతెని మగ్గం పనిలో పెట్టారు. ఆడపిల్ల ఒక్కత్తే అంత దూరం నడవడం కుదరదనీ, ఇక రాట్నం ముందు కూర్చోమనీ పెదనాన్న చెప్పేశాడు.

ఆ వేసవిలోనే మా చిన్నమావయ్య తన రేసు సైకిలు తెచ్చి నాకిచ్చాడు. కుర్రతనంలో పందేలకి తొక్కినవాడు. కొండపల్లి దగ్గర కరెంటు స్టేషన్‌లో ఉద్యోగం వచ్చాక దానికి దుమ్ము పట్టింది. డబ్బా నిండా సున్నుండలు, వాటితోపాటు ఆ సైకిలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, సన్నటి టైర్లు. సీటు పూర్తిగా కిందికి దించితే కాళ్ళు అందేవి, చేతులే అందేవి కావు. హ్యాండిల్ని సైకిలుకి పట్టి ఉంచే వంపు గొట్టాన్ని మేం మెడ అనేవాళ్ళం. మావయ్య పొడవు మనిషి, అందుకే దాని మెడ కూడా పొడవు. చేతులు బారచాపి పడుకున్నట్టు తొక్కినా నా వేళ్ళు బ్రేకుల దాకా వెళ్ళేవి కావు.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. మెడ నట్టు వదులు చేసి, గొట్టాన్ని నాలుగు వేళ్ళెత్తు పైకి లాగి, మళ్ళీ బిగించాను. గట్టు మీద నూరు గజాలు వెళ్ళానో లేదో, హ్యాండిలు మొత్తం ఊడి నా చేతుల్లోకి వచ్చింది. కొత్తగా వదిలిన కాలవ నీళ్ళలో తేలాను. గడ్డం చీలింది. పెదనాన్న సైకిలుని పశువుల కొట్టంలో పడేయించాడు.

మర్నాడు, ఆయన పొలం వైపు వెళ్ళగానే అమ్మ సైకిలు బయటికి తీసింది. ఇద్దరం నాలుగు మైళ్ళు నడిపించుకుంటూ పామర్రులో మస్తాన్ గారి షాపుకి వెళ్ళాం. ఆయన గొట్టం మీద ఉన్న సన్నటి గీత నాకు చూపించాడు.

"పైకి లాగితే హ్యాండిలు ఎత్తవుద్ది గానీ దగ్గరవదమ్మా. ఈ గీత బయటికి కనపడిందంటే ఆ సైకిలు ఎవరూ ఎక్కకూడదు."

పొట్టి మెడే వెయ్యాలన్నాడు. ఆయన దగ్గర ఒకటి ఉంది గానీ, సైకిలు గొట్టంలో దించితే వదులుగా ఆడింది. రేకుముక్క చుట్టి బిగించకూడదా అని అమ్మ అడిగితే, అలా బిగిస్తే పిల్ల మళ్ళీ కాలవలో పడుతుందని దాన్ని పక్కన పెట్టేశాడు. సరుక్కి బెజవాడ వెళ్ళినప్పుడు సరైన కొలతది తెస్తానన్నాడు.

ఈలోగా బళ్ళు తెరిచారు. నేను రాట్నం ముందు కూర్చున్నాను. కండెలన్నీ వదులుగా చుట్టాను, కావాలనే. దారం చిక్కుపడి నాన్న మగ్గం మాటిమాటికీ ఆగేది. ఆయన చిక్కు విప్పుకుని మళ్ళీ నేసేవాడు.

పన్నెండు రోజులకి కబురొచ్చింది. మస్తాన్ గారు హ్యాండిలు టేపు విప్పి, ఒక పక్క బ్రేకు తీసి, హ్యాండిల్ని పాత మెడలోంచి జార్చి కొత్తదానిలోకి ఎక్కించాడు. గొట్టాన్ని తుడిచి, పల్చగా గ్రీజు రాసి, గీత మునిగేదాకా దించి బిగించాడు. హ్యాండిల్ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేకు వైర్లు ఎక్కడా లాగడం లేదని చూపించాడు. అంతా అయ్యాక, మెడ నట్టు మళ్ళీ వదులు చెయ్యమంది అమ్మ.

"ఈసారి నేను బిగిస్తానండి. రేపు వదులైతే చూసుకోవాల్సింది నేనేగా."

వందల పోగుల్లో తెగిన ఒక్క పోగుని పట్టుకునే కన్ను ఆవిడది. హ్యాండిల్ని ముందు చక్రానికి సూటిగా నిలబెట్టి, పళ్ళు బిగబట్టి స్పానరు తిప్పింది. చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిల్ని మెలితిప్పింది. కదల్లేదు. మస్తాన్ గారు తలూపాడు.

ఇంటికొచ్చేసరికి పెదనాన్న అరుగు మీద ఉన్నాడు. అమ్మ పెరటిదారిన పోలేదు. కొంగు భుజాన కప్పుకుని, సైకిలుతో సహా ఆయన ఎదుటే నిలబడింది.

"బావగారూ, చక్రం కాళ్ళ మధ్య పెట్టుకుని మీరే తిప్పి చూడండి. ఇది ఇసుమంత కదిలినా పిల్ల రేపట్నుంచి కండెలే చుడుద్ది."

ఆయన లేచి బలమంతా పెట్టి మెలితిప్పాడు. హ్యాండిలు మీద బరువంతా వేసి నొక్కాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి. వసారాలో మగ్గం చప్పుడు ఆగిపోయింది. హ్యాండిలు కదల్లేదు. ఆయన చేతులు దులుపుకుని, వానొస్తే గట్టు జారుద్ది అన్నాడు.

"జారితే దిగి నడిపించుకెళ్ళుద్దండి," అంది అమ్మ.

మర్నాడు నాన్న పాత పైజామాని నా కొలతకి కుట్టుకుని బడికి వెళ్ళాను. గట్టు మీద నవ్వినవాళ్ళున్నారు, బురద ముద్దలు విసిరినవాళ్ళున్నారు. నేను బెల్లు కొట్టుకుంటూ పోయాను. మరుసటి ఏడు నా వెనక ఇంకో రెండు సైకిళ్ళు వచ్చాయి. చదువుకుని లెక్కల టీచర్నయ్యాను.

ఇప్పుడు ఆ గట్టు తారురోడ్డు. మగ్గాల చప్పుడు లేదు. మస్తాన్ గారి షాపున్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అమ్మా లేదు, నాన్నా లేడు, పెదనాన్నా లేడు. మొన్న ఒక పెళ్ళిలో పెదనాన్న కొడుకు నన్ను పదిమందికి చూపించి, ఆ రోజుల్లోనే ఆడపిల్లని సైకిలు మీద బడికి పంపిన ఇల్లు మాది అని గొప్పగా చెప్పుకున్నాడు. అందరూ మెచ్చుకుంటూ నా వైపు చూశారు. నవ్వి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఇల్లు పంపలేదన్నయ్యా," అన్నాను. "మా అమ్మ పంపింది. నేను వెళ్ళాను."