యలమంద చూసిన రుచులు

చిలకలూరిపేట చుట్టుపక్కల పాతికేళ్లుగా పెళ్లివంటలు చేస్తున్న యలమందకు ఒకచోట నిలబడటం చేతకాదు. ప్రతి గుండిగ దగ్గరా ఆగి, గంటెతో అరచేతిలో ఇంత వేసుకుని, నాలికకు తగిలించుకుని మళ్లీ నడిచేవాడు.

కిందటేడు అతనికి షుగరు బయటపడింది. నర్సుగా చేస్తున్న కూతురు నాగజ్యోతి అతని ఫోనులో ఒక యాప్ పెట్టింది. ఏం తిన్నా దానికి చెప్పాలి. టైపు చెయ్యక్కర్లేదు, మాటతో చెబితే చాలు. మూడు నెలలు వేళతప్పకుండా చెప్పాడు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం జొన్నరొట్టె. యాప్ రోజూ పచ్చరంగే చూపేది. రక్తపరీక్షలో మాత్రం షుగరు దిగలేదు.

"ఏదో దాస్తున్నావు నాన్నా," అంది నాగజ్యోతి.

"ఒట్టమ్మా. పెళ్లిలో విస్తరి ముందు కూర్చోనే కూర్చోను."

అన్నాడే గానీ మనసు కుదుటపడలేదు. మర్నాడు యడ్లపాడులో పెళ్లి. ఈసారి చూసిన రుచులు కూడా చెప్పి తీరాలనుకున్నాడు. "పాయసం, సగం గంటె. పూర్ణం, నిమ్మకాయంత. మళ్లీ పాయసం." పదకొండయ్యేసరికి యాప్ ఎర్రబడింది. పాయసం ఒక్కటే తొమ్మిదిసార్లు. అన్నీ కలిపితే రెండు పూటల భోజనం దాటింది. యలమంద బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

"ఏంది మేస్త్రీ, ఒంట్లో బాలేదా?" పన్నెండేళ్లుగా అతని దగ్గర బూరెలు వేస్తున్న బుల్లయ్య అడిగాడు.

"ఒరేయ్ బుల్లయ్యా, ఇకనించి తీపి నువ్వు చూడు."

"నీ నాలికని చూసేగా మనల్ని పిలిచేది."

"చూడమన్నానా."

బుల్లయ్య చూశాడు. సరిపోయిందన్నాడు. యలమందకు నమ్మకం కుదరలేదు. యాలకులు తెలుస్తున్నాయా, అడుగంటిన వాసనేమన్నా వస్తోందా అని నాలుగుసార్లు అడిగాడు. రెండుసార్లు చెయ్యి గంటె మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాడు. బంతి మొదలయ్యాక విస్తళ్ల మధ్య తిరుగుతూ పాయసం ఎవరు వదిలేస్తున్నారా అని చూశాడు. ఒక పెద్దాయన మారు వడ్డించమన్నాడు. పెళ్లికూతురి మేనమామ మాత్రం, "ఈసారి తీపి తగ్గించావే మేస్త్రీ," అన్నాడు. ఆ మాట మూడు రోజులు అన్నం సహించనివ్వలేదు.

అయినా వెనక్కి పోలేదు. తర్వాతి పెళ్లిళ్లలో వంటంతా అయ్యాక ఒక్కసారి, చెంచాతో చూసేవాడు. అదీ దాచకుండా ఫోనుకు చెప్పేవాడు. మూడు నెలలకు, మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో షుగరు తొమ్మిది శాతం నుంచి ఏడున్నరకు దిగింది. కాగితం చూసి నాగజ్యోతి కళ్లు తుడుచుకుంది.

మొన్న పర్చూరు పెళ్లిలో బుల్లయ్య పాయసం నోట్లో వేసుకుని, ఎవరూ చెప్పకుండానే ఇంకో బెల్లం అచ్చు చితక్కొట్టి వేశాడు.

"ఎంత వేశావురా?" యలమంద ఉండబట్టలేక అడిగాడు.

"అడగబాక మేస్త్రీ. నువ్వు పోయి పులుసు చూసుకో."

యలమంద ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, పులుసు గుండిగ వైపు వెళ్లాడు.